మా మావ కాలి మీద వాత

మా మావకి పిల్లలు నలుగురు, కొబ్బరితోట ఒకటి, కాలి మీద వాత ఒకటి. వీటిలో ఆయన అందరికన్నా ముద్దుగా చూసుకున్నది వాతనే.

మావ నాకు రెండు విధాలా మావ. మా అమ్మకి అన్న, నా మొగుడికి తండ్రి. మేనకోడలిగా ఆ ఇంట్లో తిరిగి, తరవాత కోడలిగా అడుగుపెట్టాను కాబట్టి ఆయన ఎదుట నోరు విప్పడానికి నాకు బెరుకు ఉండేది కాదు. నోరు విప్పినా లాభం ఉండేది కాదు, అది వేరే సంగతి. మా నాన్న పూండి స్టేషన్లో రైలుకి జెండా ఊపే ఉద్యోగం చేస్తూ నాకు నాలుగు అక్షరాలు నేర్పించాడు. మా ఉద్దానం పల్లెల్లో ఆడపిల్లకి అది పెద్ద చదువే. ఆ చదువు వల్ల మా అత్తవారింట నాకు ఒరిగింది ఒకటే: ఏం చెప్పినా "సదువుకున్నాది గదా, అలాగే సెబుతాది" అని కొట్టిపారెయ్యడానికి అందరికీ ఒక వంక దొరికింది.

వాత సంగతి చెప్పాలి. మావ చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడు ఇంట్లో పిల్లలకి పచ్చకామెర్లు వచ్చాయట. ఇద్దరు అన్నలు పోయారు. మూడోవాడైనా దక్కాలని మా అమ్మమ్మ పక్క ఊరినుంచి వాతలు వేసే మనిషిని పిలిపించింది. అతను కొడవలి ఎర్రగా కాల్చి, దాని చదును పక్కని మావ కుడి మోకాలి కింద, ఎముక మీద అద్దాడు. అతని చెయ్యి బరువో, మా అమ్మమ్మ భయంతో ఇంకాస్త, ఇంకాస్త అందో తెలియదు గాని అరచెయ్యంత మేర కాలిపోయింది. ఏడాది పాటు చీము కారి, చివరికి మానింది. పిల్లాడు బతికాడు. కామెర్లు వాటంతటవే తగ్గి ఉంటాయి కదా మావా అని నేనొకసారి అన్నాను. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

మావాళ్ళ లెక్క ఏమిటంటే, వాత వేస్తే జబ్బు పోదు. వాత కింద కట్టుబడి పడి ఉంటుంది, గుంజకి కట్టేసిన గొడ్డులాగ. వాత చెదిరితే కట్టు తెగుతుంది, జబ్బు లేచి వస్తుంది. అందుకని మావ పొద్దున్నే లేచి ముందు వాతని తడిమి చూసుకునేవాడు. చుట్టాలొస్తే పంచె ఎత్తి చూపించేవాడు. ఊళ్ళో ఏ పిల్లకి ఒళ్ళు పచ్చబడినా తల్లులు ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన అరుగు మీద కూర్చుని కాలు చాపి, "సూడండి. నాను బతికున్నాను కాదేటి?" అనేవాడు. అంతకుమించి సాక్ష్యం ఏ కోర్టుకి కావాలి? కొడవలి పొయ్యిలోకి పోయేది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే నేను పెరట్లోకి పోయి చెవులు మూసుకునేదాన్ని.

ఆ మచ్చ చర్మం చర్మంలా ఉండేది కాదు. ఉల్లిపొరలా పల్చగా, వెంట్రుక అన్నది లేకుండా తళతళలాడేది. మావ పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దు గూకేదాకా పంచె ఎగకట్టుకుని ఇసుకలో, ఎండలో ఉండే మనిషి. మా తోటల కంచెలన్నీ మొగలిపొదలే. ఆ ముళ్ళు గీరుకుంటే మామూలు ఒంటి మీద రెండ్రోజుల్లో మానేది, వాత మీద రెండు వారాలు పట్టేది. చలికాలం వస్తే దానంతటదే పగిలేది. పగలడం, మానడం, మళ్ళీ పగలడం. ఏళ్ళ తరబడి ఇదే వరస. అలవాటైపోయి ఎవరూ పట్టించుకోలేదు.

జర్మనీ యుద్ధం అయిపోయాక ఒక చలికాలంలో పగిలింది మాత్రం మానలేదు. ఉగాది వెళ్ళింది, ఎండలు ముదిరాయి, మావ పంచె ఉతుకుతుంటే అంచున రోజూ ఒకే చోట మరక కనబడేది.

"మావా, కాలిలా సూపించు" అన్నాను.

"ఏటున్నాదని సూపించమంటావు? కొంచెం పగిలినాది."

"పగిలి ఎన్నాల్లయినాది?"

"నొప్పి నేదమ్మీ. నొప్పి నేనిదానికి మందేటి?"

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. మా ఉద్దానంలో నొప్పి ఉంటేనే జబ్బు. ముల్లు గుచ్చుకుంటే ఊరంతా వినబడేలా మూలుగుతారు. తేలు కుడితే మంత్రగాడి కోసం పరుగెత్తుతారు. ఒంటి మీద ఒక పుండు నెలల తరబడి తడిగా కూర్చుంటే, అది అరవడం లేదు కాబట్టి దాని జోలికి పోరు. చింతగింజంత ఉన్నది రేగుపండంత అయింది. అంచులు గట్టిపడి, పైకి మడిచినట్టు లేచాయి. గుడ్డ తగిలితే చాలు నెత్తురు చిమ్మేది. అయినా నొప్పి లేదు. అంచేత జబ్బు లేదు.

జబ్బు లేదంటూనే మందులు మాత్రం వేశారు. మా ఊళ్ళో వైద్యులకి కరువు లేదు, ఎవరి నోరు వాళ్ళకి శాస్త్రం. ఒకావిడ వేపాకు, పసుపు నూరి పెట్టమంది. ఆవిడ తోడికోడలు పసుపు ఎండబెడుతుంది వద్దు, కొబ్బరినూనెలో కర్పూరం వెయ్యమంది. ఎదురింటి పెద్దాయన తన నోట్లో చుట్ట తీసి ఆ బూడిదే అద్దాడు. మా అత్త వీళ్ళందరినీ మించిపోయి జీడిపిక్కల నూనె రాసింది. కాళ్ళ పగుళ్ళకి రాసుకునే నూనె అది, మంచి చర్మం మీద పడితేనే బొబ్బ లేస్తుంది. రాసిన ప్రతిసారీ పైన పొర కట్టేది. ఇక మానినట్టే అని అత్త దీపం పెట్టేది. పొర ఊడేది. కింద పుండు ఇంకొంచెం వెడల్పయి కనబడేది.

టెక్కలిలో డాక్టరు ఉన్నాడు, చూపిద్దాం అంటే మావ వినడు. నా మొగుణ్ణి చెప్పమన్నాను. ఆయనది విచిత్రమైన మంచితనం. నా దగ్గర "నువ్వు సెప్పిందీ నిజమే" అంటాడు, తండ్రి దగ్గరికి వెళ్ళి "నువ్వు సెప్పిందీ నిజమే" అంటాడు, తరవాత తోటకి పోతాడు. బావా, నిజం రెండు పక్కలా ఉండదు అంటే, "అదీ నిజమే" అన్నాడు.

చివరికి నేనే ఒక ఎత్తు వేశాను. "టెక్కలి డాట్రు ఇంతపాటి వాత ఎక్కడా సూడనేదంట మావా. నీది సూడాలని ఉందంటన్నాడు" అన్నాను. అంతే. మావ తలంటుకున్నాడు, చలవపంచె కట్టాడు, మీసానికి కొబ్బరినూనె రాశాడు. బండి నేను కట్టమనకుండానే ఆయనే కట్టించాడు. దారి పొడుగునా వాత ఎండకి కందకుండా తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. పుట్టిన దగ్గరనుంచి ఆ కాలికి నీడ అంటూ పట్టింది ఆ ఒక్కరోజే.

డాక్టరు గోదావరి వైపు మనిషి, నెమ్మదస్తుడు. మావ కాలు చాపి వాత కథ మొదటినుంచి చెబుతుంటే అడ్డు రాకుండా విన్నాడు. వింటూనే పుండు అంచుల్ని వేలితో నొక్కి చూశాడు. దూది అద్దితే నెత్తురంటింది. దూదిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మావని పడుకోమని గజ్జల్లో తడిమాడు. మానకుండా ఎన్నాళ్ళుగా ఉందని ఆయన్ని కాకుండా నన్ను అడిగాడు. చెప్పాను.

"కాలి మానిన చోట వచ్చేది మామూలు చర్మం కాదమ్మా. దానికి సత్తువ ఉండదు. ఎండకీ, గీరుకోవడానికీ పగిలి మానుతూ, పగిలి మానుతూ ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు మానడం మానేసి పెరగడం మొదలుపెడుతుంది. నెల దాటినా మానని పుండుని నమ్మకూడదు. ఇలా అంచులు లేచి గట్టిపడిందంటే అసలు నమ్మకూడదు. నొప్పి లేదు కదా అని మీరు ఊరుకున్నారు, నొప్పి లేకుండా పెరగడమే దీని గుణం. క్యాన్సరంటారే, ఆ రాచపుండు ఇది" అన్నాడు.

ఆ మాట మా ఊళ్ళో పైకి అనరు. మావ పైకప్పు వంక చూశాడు.

డాక్టరు ఇంకా చెప్పాడు. ఇప్పటికి ఇది చర్మంలోనే ఉంది, విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళితే ఆ మచ్చని చుట్టూ కొంచెం మంచి చర్మంతో సహా కోసి తీసేస్తారు, కాలు దక్కుతుంది. ఎముకకి దిగితే కాలు తియ్యాలి. గజ్జల్లోకి పాకితే తను చెప్పగలిగింది ఏమీ ఉండదు.

మావకి ఇన్ని మాటల్లో ఒక్కటే వినబడింది. "వాత కోసెత్తారా?" అన్నాడు. డాక్టరు అవునన్నాడు. మావ లేచి పంచె సర్దుకుని, దణ్ణం కూడా పెట్టకుండా బండి దగ్గరికి నడిచాడు. ఇంటికి చేరగానే గుమ్మంలో అత్తతో అన్నాడు, "నా పేణం అందులో ఉన్నాదని తెలిసే తీసుకెల్లినాదే ఇది."

ఆ సాయంత్రం మా అరుగు మీద ఊరంతా చేరింది. అత్త అడిగిన ప్రశ్నకి అందరూ తలలాడించారు. "వాత తీసేత్తే కింద ఉన్న కామెర్లు లెగిసి రావేటి?" ఆ కామెర్లు వచ్చి ఒక తరం గడిచిపోయింది, అవి ఎప్పుడో పోయాయి అని నేను అరిచాను. అరిస్తే ఇంకా నష్టం. ఒక పెద్దమనిషి చాలా తాపీగా తేల్చాడు: పుండు అంటే ఏమిటి, కింద కట్టేసిన జబ్బు పైకి తన్నడమే. కట్టు వదులైంది. మళ్ళీ బిగించాలి.

బిగించడం అంటే ఏమిటో నాకు అప్పుడు తట్టలేదు. మా అమ్మకి జ్వరమని కబురొస్తే పూండి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మావ మంచం మీద పడుకుని చిరునవ్వు నవ్వుతున్నాడు, కాలికి ఆకులు కట్టి ఉన్నాయి, ఇల్లంతా కమురు వాసన. పుండు మీద మళ్ళీ వాత వేశారు. కొడవలి మా ఇంటిదే, పట్టుకున్నది మా అత్త. కాళ్ళు కదలకుండా అదిమిపట్టింది నా మొగుడు. "అమ్మ సెప్పిందీ నిజమేననిపించినాది" అన్నాడు.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. మా ఇంట్లో నక్కకి పులి కూడా అక్కర్లేకపోయింది. నేను ఆ రోజు వాళ్ళని ఏమేం అన్నానో ఇక్కడ రాయను, రాస్తే అచ్చు వేసేవాళ్ళు ఒప్పుకోరు.

ఇంకా మంట పుట్టించే సంగతేమిటంటే, అది మానినట్టు కనబడింది. నల్లటి చెక్కు కట్టింది, తడి ఆరింది, నెత్తురు ఆగింది. బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వుకున్నారు. "ఏమ్మా, మీ డాట్రేటంటన్నాడు?" అనడిగేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. నేను ఓడిపోతే మావ బతుకుతాడంటే ఓడిపోవడానికి నేను సిద్ధమే. అత్తకి ఆ మాట చెప్పలేదనుకోండి.

తొలకరి పడ్డాక చెక్కు ఊడింది. దాని కింద నుంచి పుండు, వాన పడ్డ పెంట మీద పుట్టగొడుగులా, గుత్తులుగా పైకి లేచింది. ఈసారి వాసన వచ్చింది. మావ అన్నానికి మాతో కూర్చోవడం మానేసి పశువుల పాక దగ్గర తినేవాడు. ఆకలి లేదనేవాడు. కాలు ఈడుస్తూ నడిచేవాడు, ఏమిటంటే గజ్జల్లో బిళ్ళ కట్టింది, అదే పోతుంది అనేవాడు. గజ్జల గురించి డాక్టరు అన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అత్త మొక్కులు మొక్కుతూ ఉంది. మళ్ళీ కొడవలి ఎక్కడ కాలుస్తుందోనని నేను దాన్ని గడ్డివాములో దాచేశాను.

ఒక పొద్దున్న నేను కుడితి కలుపుతుంటే మావ కర్ర పట్టుకుని వచ్చి తొట్టి పక్కన నిలబడ్డాడు.

"అమ్మీ, ఆవు నా దగ్గరికి రాటంనేదు" అన్నాడు.

నేను తలెత్తాను.

"దూడప్పటినుంచి నా సేతుల్తో పెంచినాను. ఈయేల గడ్డెడితే ముక్కు తిప్పేసినాది. ఇశాపట్నం రైలు ఎప్పుడొత్తాది?"

నేను ఇన్నాళ్ళు అరిచిన అరుపులు, డాక్టరు చెప్పిన మాటలు, అన్నీ దండగ. ఆవు ముక్కు తిప్పితే బయల్దేరాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియదు. కుడితి చేతులతోనే ఆయన భుజం పట్టుకుని రేపు పొద్దున్నే అన్నాను.

విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చూసి, జబ్బు ఎముకకి దిగిందన్నాడు. మోకాలి పైకి కాలు తీసెయ్యాలి. మొదటిసారి చెప్పినప్పుడే వచ్చి ఉంటే మచ్చతో పోయేదని ఆయన కూడా అన్నాడు. ఆ మాట నాకు చెప్పి ఏం లాభం, కొడవలికి చెప్పాలి. గజ్జల్లో బిళ్ళ కోసి చూస్తే అది పుండు చీముకి వచ్చిన వాపేనని, జబ్బు అక్కడిదాకా పోలేదని తేలింది. ఆ కబురు విన్నాక వరండాలో నేను, నా మొగుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన మొదటిసారి నాతో, "నువ్వు సెప్పిందే నిజం" అన్నాడు. ఇంత ఆలస్యంగానా అని అడగబోయి మింగేశాను, లేకపోతే అక్కడే గొడవయ్యేది.

మావ బతికాడు. చంకకర్రతో ఊళ్ళోకి వచ్చాడు. వచ్చిన దగ్గరనుంచి మొదలుపెట్టాడు, "మా కోడలు నా కాలు కోయించీసినాది" అని. పలకరించడానికి వచ్చినవాళ్ళకి చెప్పాడు, రాని వాళ్ళకి కబురుపెట్టి చెప్పాడు. మందస సంతలో ముక్కూ మొహం తెలియని వర్తకుడికి చెప్పాడు. ఆయన లెక్కన ఆ కాలు పుండు తియ్యలేదు, రాచపుండు తియ్యలేదు, వాత పేరైతే ఎత్తనే లేదు. కోడలు తీసింది. అందరూ నన్ను ఎగాదిగా చూసేవారు. కొబ్బరికాయలు కోసే కత్తి నా చేతిలో ఉంటే పక్కకి తప్పుకునేవారు కూడా.

దానికి తోడు నాకొక పిచ్చి పట్టింది. ఎవరి ఒంటి మీద ఏమున్నా కంటబడేది. ఎండలో వలలు బాగుచేసుకునే ముసలాయన చెవి మీద మానని పొక్కు, రోజూ ఒకే చోట బిగించి చీరముడి వేసుకునే పక్కింటావిడ నడుం మీద ఒరుసుకుని పుండైన నల్ల గీత. నెల దాటిందా, నెత్తురొస్తుందా అని అడిగేదాన్ని. "నొప్పి నేదు" అనేవారు. నెత్తి కొట్టుకునేదాన్ని. చీరముడి ఆవిడ మాత్రం ముడి కొంచెం పైకి జరిపి కట్టడం మొదలుపెట్టింది, పుండు మానింది. నా కళ్ళు పడకపోబట్టే మానిందని చెప్పుకుంది.

ఆ మరుసటి ఏడు నా కూతురికి పచ్చకామెర్లు వచ్చాయి. అప్పటికి దానికి మాటలు పూర్తిగా రాలేదు. కళ్ళు పసుపు ముద్దల్లా అయ్యాయి. నేను కామెర్లకి పనికొచ్చే నేలఉసిరి ఆకు కోసం తోట గట్టుకి పోయి వచ్చేసరికి పొయ్యి మండుతోంది, అందులో కొడవలి ఉంది. గడ్డివాములో నేను దాచిన చోటు అత్తకి తెలిసిపోయింది. పిల్ల ఆవిడ ఒళ్ళో ఉంది. లంగా మోకాళ్ళ పైకి ఎత్తి ఉంది. నా మొగుడు గుమ్మంలో నిలబడి ఎటూ కదలడం లేదు.

పిల్లని లాక్కుందామంటే ఆవిడ గట్టిగా పట్టుకుని ఉంది. "ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న ఇల్లిది. నువ్వు అడ్డం రాకు" అంది అత్త. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. నా పిల్ల మీద ఆవిడకి ప్రేమ లేదని నేను ఎప్పుడూ అనలేదు. ఆ ప్రేమే నాకు భయం.

అప్పుడు మంచం మీదనుంచి మావ కేకేశాడు.

"ఒసే, ఆ గుంటని ఒగ్గీ. దానికి వాతెయ్యొద్దు."

అత్త కొయ్యబారిపోయింది. "నువ్వేనా అంటన్నావు?"

"నానే. వాతేత్తే మచ్చవుతాది. మచ్చ పగిలి పుండవుతాది. పుండయితే ఈ అమ్మి ఊరుకుంటాదేటి? ఇశాపట్నం తీసుకెల్లి దాని కాలూ కోయించీత్తాది. మా ఇంట్లో ఒక్క కాలు పోయినాది, సాలు."

టెక్కలి డాక్టరు చెప్పిందంతా ఆ మాటల్లో ఉంది. వరస తప్పకుండా ఉంది. ఇన్నాళ్ళూ ఆయన విననే లేదనుకున్నాను. విన్నాడు, అంతా ఎక్కించుకున్నాడు, చివర్లో నేరం మాత్రం తెచ్చి నా నెత్తిన పెట్టాడు.

అత్త కొడవలి తీసి కుండలో ముంచింది. నేను పిల్లని ఎత్తుకుని నేలఉసిరి నూరడానికి కూర్చున్నాను. తొందరలో పొత్రం పక్కకి పోతుంటే, "సరిగ్గా నూరు, మట్టి పడతన్నాది" అని మావ మంచం మీదనుంచే కసిరాడు. పిల్ల కళ్ళు కొన్నాళ్ళకి తెల్లబడ్డాయి.

ఆ తరవాత తల్లులు పచ్చబడ్డ పిల్లల్ని ఎత్తుకుని అరుగు దగ్గరికి వస్తే మావ అదే మాట చెప్పేవాడు. వాతెయ్యకండి, మా కోడలి కంటబడితే కాలు కోయించీత్తాది. వాళ్ళు నమ్మారు. డాక్టరుని నమ్మనివాళ్ళు, నన్ను నమ్మనివాళ్ళు, నన్ను చూసి భయపడమంటే ఒక్కమాటతో నమ్మారు. ఏడ్చే పిల్లల్ని నా పేరు చెప్పి ఊరుకోబెట్టేవారు కూడా. వీధిలో నేను నడిచొస్తుంటే ఇసుకలో ఆడుకునే పిల్లలు గబగబా కాళ్ళు ముడుచుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. మండుతూనే, వాళ్ళు ముడుచుకునే లోపల ఆ కాళ్ళ వంక చూసుకునేదాన్ని. చిన్నపిల్లల కాళ్ళ మీద కొత్త వాతలు కనబడేవి కావు.